మూడో దెబ్బ తర్వాత

ఫోన్ మోగినప్పుడు ఆమె ఒక చేత్తో టీ వడపోస్తూ, రెండో చేత్తో భర్త చొక్కా పై గుండీ పెడుతోంది. ఈ రెండు పనులూ ఒకేసారి చేయాలని ఎవరూ అనలేదు. కొత్తగా పెళ్లైన ఇల్లు కాబట్టి అలా జరిగిపోతోంది. టీ సగం గట్టు మీద పడింది. ఇద్దరికీ అదొక నవ్వు.

అతను స్పీకర్ నొక్కాడు. అవతల నాటకాలు వేసే పెద్దాయన.

"మీ పాట విన్నానయ్యా. మా కొత్త నాటకానికి అదే వాడుకుందామని అనుకుంటున్నాం."

ఆమె చేతిలోని టీ జల్లెడ గిన్నెలో పడిపోయింది. నలుగురిలో భర్తని 'మీరు' అనే మనిషి, పక్కన ఎవరూ లేరన్న ధైర్యంతో "నువ్వు గెలిచేశావ్" అని చెవిలో ఊదింది.

"ఒక్క మాట," అన్నాడు నాటకాలాయన. "ఆ మూడో దెబ్బ పడ్డాక, కాస్త ఆగి, టక్ మని ఓ చప్పుడు వస్తుంది చూడు. తలుపు కొట్టాలా వద్దా అని బయట నిలబడ్డ మనిషిలా ఉంది. నా నాటకమంతా ఆ మనిషి గురించే. ఎల్లుండి మావాళ్లని తీసుకుని మీ స్టూడియోకి వస్తా. ఆ టక్ ని విడిగా రికార్డు చేసుకోవాలి. అది లేకపోతే మిగతాది నాకక్కర్లేదు, ముందే చెబుతున్నా."

అతను కొంచెం ఆగి, "అలాగేనండీ," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. స్టూడియో అట. సింథసైజర్ ఇస్త్రీ బల్ల మీద ఉంటుంది. డ్రమ్ మెషీన్ మంచం మీద దిండు పక్కన పడుకుంటుంది. రెండు స్పీకర్లు కిటికీ కింద, చెప్పుల పెట్టె మీద. మూలన ఆమె పిన్ని పెళ్లికి కొనిచ్చిన ఇనుప బీరువా. ఆ పాటని కూడా ఫోన్లోనే రికార్డు చేసి పంపాడు.

"పడగ్గదిని ఖాళీ చేసి స్టూడియో చేసేద్దాం," అందామె. "ఇవాళ నాకు సెలవేగా."

అతనికి సెలవు లేదు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. ఎక్కడో ఒక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని అప్పటికే కబురొచ్చింది. చెప్పులేసుకుంటూ, "బరువులు ఒక్కదానివే ఎత్తకు, అక్కని పిలువు," అని చెప్పి వెళ్లాడు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఊపే అలవాటు అతనిది. ఆ రోజు ఊపలేదు. ఆమె అది గమనించింది గానీ, సంతోషంలో మర్చిపోయి ఉంటాడులే అనుకుంది.

అతని అక్క పైవాటాలోనే ఉంటుంది. ఆమెకి వదిన. వదిన వస్తూనే గుమ్మంలో నిలబడి, "మావాడు చిన్నప్పుడు అన్నం తినేవాడు కాదమ్మా, కంచం వాయించేవాడు. ఊళ్లో వాళ్లంతా టకటక అని పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ వాయింపుకి ఒక గది కూడానా," అంది. అంటూనే కొంగు నడుముకి దోపుకుంది.

ఇద్దరూ బీరువాని ఒక్కో కాలే జరుపుతూ, కింద గోనెసంచి వేసి లాగుతూ, నడవాలోకి చేర్చారు. మంచం ముందు గదిలోకి వెళ్లింది. గోడలకి బొంతలు వేలాడదీశారు. చప్పుడు గోడకి తగిలి తిరిగి రాకుండా అవి మింగేస్తాయని భర్త ఎప్పుడో చెప్పాడు. గదిలో నిలబడి చప్పట్లు కొడితే నిజంగానే మెత్తగా వినిపించింది. ఆమెకి ముచ్చటేసి మళ్లీ మళ్లీ కొట్టింది.

"మీ ఇద్దరికీ చప్పుళ్ల పిచ్చి సమానంగానే ఉంది," అని వదిన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

డ్రమ్ మెషీన్‌ని బల్ల మీదకి మారుస్తుంటే లోపల ఏదో గలగలమంది. అది కొత్తది కాదు, ఎవరి దగ్గరో వాడిందే తెచ్చుకున్నాడు. ఊడిన మరమేకేమో, అది తగిలి మాడిపోతుందేమో అని ఆమె స్క్రూ డ్రైవర్ తెచ్చి అడుగు రేకు విప్పింది. మరమేకు దొరికింది. దాని పక్కనే, గుండీలాంటి బ్యాటరీ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

ఆమె పనిచేసేది నీళ్లు పరీక్షించే ల్యాబులో. అక్కడి మీటర్లలో ఇలాంటి ఉప్పు కనిపిస్తే ఏం చేయాలో ఆమె చేతులకి తెలుసు. ముందు కరెంటు వైరు పీకాలి. తర్వాత బ్యాటరీ తీయాలి. దూదితో తుడవాలి. కొత్తది వేయాలి. అన్నీ ఆ వరసలోనే చేసింది. వంటింటి తూకం మెషీన్లో ఉన్న బ్యాటరీ సరిగ్గా అదే సైజు. అది సరిపోయినప్పుడు ఆమెకి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

వైరు పెట్టి మెషీన్ ఆన్ చేసింది. ఎర్ర దీపాలు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. భర్త రోజూ నొక్కే మొదటి మీట నొక్కింది. ఏమీ మోగలేదు. రెండోది నొక్కింది. మూడోది. అన్నీ ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన మొదటి రోజు అతను ఈ పెట్టె చూపిస్తూ చెప్పాడు, "ఇదేమీ మర్చిపోదు తెలుసా, కరెంటు పోయినా." ఎందుకు మర్చిపోదో ఇప్పుడర్థమైంది. కరెంటు లేనప్పుడు ఆ గుండీ బ్యాటరీయే దాని జ్ఞాపకాలన్నీ పట్టుకుని ఉంటుంది. ఆమె రెంటినీ ఒకేసారి తీసేసింది. అదీ ఎంతో జాగ్రత్తగా.

గబగబా అడుగు రేకు బిగించేసింది.

వదిన టీ గ్లాసులతో వచ్చింది. "ఆ పెట్టె నువ్వే మార్చావా? ధైర్యమే. ఒకసారి మా అమ్మ దానిమీద దుమ్ము దులిపిందని వాడు రెండు రోజులు మాట్లాడలేదు. అరవడమ్మా వాడు. అరిస్తే బావుండు. మూగమొద్దులా కూచుంటాడు."

ఆమె టీ గ్లాసు అందుకుంది.

"ఏమైందే, మొహం అలా పాలిపోయింది?"

"బరువులెత్తాం కదా వదినా, అలసట."

వదిన కాసేపు నడుం వాల్చమని చెప్పి పైకి వెళ్లిపోయింది. ఆమె వాల్చలేదు. తలుపు గడియ పెట్టి, తన ఫోన్లో దాచుకున్న పాట తీసింది. పొద్దున గిన్నెలు కడుగుతూ రోజూ వినేది అదే. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వస్తుందో ఆమె వేళ్లకి వచ్చు. మెషీన్ మీద వరసగా ఉన్న మీటల్లో ఒక్కోటీ నొక్కుతూ, మళ్లీ పాట వింటూ, తప్పైతే చెరిపి మళ్లీ నొక్కుతూ కూచుంది. ధబ్ కుదిరింది. చప్ కుదిరింది. ఇసక రాలినట్టుండే ఆ సన్నటి చప్పుడు కూడా కుదిరింది. సింథసైజర్ మీద మూడో దెబ్బకి పడే లోతైన స్వరం ఏ మెట్టో కూడా పట్టుకుంది. ప్రాణం కాస్త కుదుటపడింది.

టక్ మాత్రం దొరకలేదు.

మెషీన్లో ఉన్న చప్పుళ్లన్నీ వెతికింది. గంట ఉంది, చిటికె ఉంది, చెక్క మీద చెక్క కొట్టినట్టున్నది ఉంది. ఏదీ అది కాదు. మరి అతను తనే తయారుచేసి దాచుకున్న చప్పుడై ఉంటుంది. దాన్నే ఆ బ్యాటరీతో పాటు తుడిచి పారేసింది. ఫోన్లో మూడో దెబ్బ పడేది. కాస్త ఆగి, టక్. ఇక్కడ మూడో దెబ్బ పడేది. కాస్త ఆగి, ఏమీ లేదు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టేది. ఎల్లుండి ఆ పెద్దాయన ఇదే బొంతల మధ్య కూచుని, ఇదే ఖాళీ విని, లేచి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఒక మనిషి మాట్లాడడం మానేస్తాడు. రెండు రోజులో, ఎన్ని రోజులో. అతని కోపం ఎలా ఉంటుందో ఆమెకింకా తెలియదు. తెలియని దాన్ని ఎంత పెద్దదిగా అయినా ఊహించుకోవచ్చు. ఆమె ఊహించుకుంది.

పొద్దు వాలుతుండగా గుమ్మం మెట్ల మీద అతని అడుగులు వినిపించాయి. గడియ తీసి, తలుపు పక్కకి తప్పుకుని నిలబడింది.

అతను గదిలోకి తొంగి చూసి, "అబ్బో, నిజంగా స్టూడియోలాగే ఉందే," అన్నాడు. గొంతులో పస లేదు. ఆమె అదీ తన తప్పే అనుకుంది.

"మీతో ఒక మాట చెప్పాలి."

'మీరు' అనేసరికి అతను సంచి కింద పెట్టాడు. "ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. బ్యాటరీకి ఉప్పు పట్టింది. తీసేశాను. వైరు కూడా పీకి తీశాను." పాత బ్యాటరీ అరచేతిలో పెట్టి చూపించింది. "అన్నీ పోయాయండీ. విని విని మళ్లీ పెట్టాను. అంతా వచ్చింది, ఆ టక్ ఒక్కటే రాలేదు. మీరు చేసింది నేను చెరిపేశాను."

అతను వెళ్లి మెషీన్ ముందు కూచున్నాడు. మీట నొక్కాడు. ఆమె పెట్టిన తాళం మొదలైంది. తల వంచి మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. వదిన చెప్పిన మూగమొద్దు ఇదేనేమో అని ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇందులో ఏదీ పోలేదు," అన్నాడు చివరికి. చిన్నగా అన్నాడు. "నేను పెట్టింది ఇంతే."

"మరి టక్?"

"నేనేనాడూ పెట్టలేదు. ఆయన ఏ చప్పుడు గురించి మాట్లాడుతున్నాడో పొద్దునే నాకర్థం కాలేదు. రికార్డు చేసి పంపేశానే గానీ, మళ్లీ విననే లేదు. నీ మొహంలో ఆ వెలుగు చూసి అలాగేనండీ అనేశా. ఇవాళంతా లిఫ్టు గొయ్యిలో దిగి అదే ఆలోచన. పానాలు రెండుసార్లు జారవిడిచా. నీకెలా చెప్పాలో తెలీక ఆలస్యంగా వచ్చా."

ఆమె ఫోన్ తీసి పాట పెట్టింది. మూడో దెబ్బ. కాస్త ఆగి, టక్. అతని మెడ మీద వెంట్రుకలు లేవడం ఆమెకి కనిపించింది.

"రికార్డు చేసినప్పుడు గదిలో నేనొక్కణ్ణే ఉన్నా," అన్నాడు.

ఇప్పుడు భయం ఇద్దరిదీ అయింది. గదిలో చీకటి పడుతున్నా ఎవరూ లేచి లైటు వేయలేదు. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూచున్నారు. అతను సింథసైజర్ స్పీకర్ గొంతు పెంచి, ఆమె పట్టుకున్న ఆ లోతైన స్వరాన్ని తాళంతో కలిపి వదిలాడు. నేల సన్నగా వణికింది. మూడో దెబ్బ పడింది.

టక్.

స్పీకర్లోంచి కాదు. వెనక నుంచి, నడవాలోంచి. ఆమె అతని మోచేయి గట్టిగా పట్టుకుంది.

"వీధి తలుపేసే వచ్చావా?" అని గుసగుసగా అడిగింది. 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు.

"వేశా."

మళ్లీ మూడో దెబ్బ. మళ్లీ టక్. అతను స్క్రూ డ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆమెకి చేతికందింది దూది పొట్లం, అదే తీసుకుంది. ఇద్దరూ గోడకి ఆనుకుని నడవాలోకి నడిచి లైటు వేశారు.

ఎవరూ లేరు. పిన్ని కొనిచ్చిన బీరువా ఉంది. మూడో దెబ్బ పడింది. బీరువా తలుపు వెంట్రుకవాసి వెనక్కి ఊగి, కాస్త తటపటాయించి, ముందుకొచ్చింది. వదులైన పిడి ఇనుప రేకుకి తగిలింది. టక్.

అతను బీరువా వైపు, ఆమె చేతిలో దూది వైపు మార్చి మార్చి చూశాడు. "ఆ రోజు ఫోన్ దీని మీదే పెట్టి రికార్డు చేశా," అన్నాడు. అని, గోడకి జారబడి నవ్వడం మొదలెట్టాడు. ఆమెకి ముందు ఏడుపొచ్చి, తర్వాత నవ్వొచ్చి, రెండూ కలిసిపోయాయి.

పైనుంచి వదిన గొంతు వినిపించింది. "టకటకా, ఏంట్రా ఆ గోల, బీరువా మీద పడిందా?"

"లేదక్కా, బావుంది," అని అతను అరిచాడు. పిడి వదులు సరిచేద్దామన్నట్టు అలవాటుగా అతని చెయ్యి స్క్రూ డ్రైవర్‌తో ముందుకెళ్లింది. ఆమె ఆ చెయ్యి గబుక్కున పట్టుకుంది.

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆ పిడి అలాగే వదులుగా ఉండాలి, లోపల చీరలు కూడా ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి, ఒక్కటీ తీయను." కొంగుతో కళ్లు తుడుచుకుని పైకి చూసి గొంతెత్తింది. "వదినా, రేపు పొద్దున టీ తాగ్గానే కిందికి రండి. ఈ బీరువాని మళ్లీ స్టూడియోలోకి లాగాలి."