మధ్య జల్లెడ

"అక్కని హాల్లో పడుకోబెడతావా? వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారే?" అన్నమాటే మళ్ళీ అన్నాడు తమ్ముడు.

"అయితే నెత్తిన పెట్టుకోండి! పిల్లకి పరీక్షలు. దానికో గది కావాలా వద్దా?" మరదలు గరిటె దించలేదు. "పరదా కడదామంటున్నాగా. గుడ్డ కూడా చూసొచ్చాను."

"అత్త గురక పరదాకి ఆగదమ్మా," అంది మేనకోడలు.

ఆ అక్క వాళ్ళ మధ్యలోంచే చెయ్యి చాపి నీళ్ళసీసా అందుకుంది. జరిగి దారిచ్చారు, మాట మాత్రం ఆపలేదు. నీకెక్కడ బాగుంటుందని ఒక్కరూ అడగలేదు.

మట్టి పరీక్షల ల్యాబులో ఆమె జుట్టు నెరిసింది. ఆ పూట ఒక బడి కట్టబోయే స్థలం మట్టి. ఆరబెట్టి, గడ్డలు చిదిపి, జల్లెడల దొంతరలో పోసింది. పైన పెద్ద కన్నాలవి, కిందికి పోనుపోను సన్నవి. దొంతరని ఊపే మిషన్ ఆగాక ఒక్కొక్కటీ విప్పి తూచింది. పై జల్లెడల్లో గులకరాళ్ళు, అడుగు పళ్ళెంలో ధూళి. మధ్య జల్లెడ బోర్లించి తట్టినా ఏమీ రాలలేదు.

బుర్ర ఇంటి దగ్గరే ఉంది, తనే ఏదో తప్పు చేసుంటుంది. కలిపి మళ్ళీ జల్లించింది. మళ్ళీ అంతే.

"మేడమ్, అరిగిపోతుంది ఆ మట్టి!" నవ్వాడు ల్యాబు ఇంజనీరు. "గట్టిగానే ఉన్నట్టుందే?"

"చూడ్డానికి గట్టిదే. మధ్యరకం గింజలు లేవు. నీళ్ళు పారితే సన్నది పెద్దవాటి సందుల్లోంచి జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది లేదు కదా."

అతను రాసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఖాళీ జల్లెడని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత బ్రష్షుతో దులిపి దాని చోట పెట్టి, పర్మిషన్ అడిగి ముందే బయల్దేరింది.

ఇంటికొచ్చేసరికి హాల్లో సుద్దముక్కతో మంచం కొలత గీసి ఉంది. గోడవారగా, చెప్పుల స్టాండు పక్కన. గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక కొంగుముడి విప్పి ఒక తాళంచెవి కంచం పక్కన పెట్టింది.

"ల్యాబు వెనక వీధిలో గది తీసుకున్నాను. ఒకటో తారీఖు నుంచి అక్కడ ఉంటాను," అంది, కూరగిన్నె మరదలి వైపు జరుపుతూ. "మంచం మాత్రం పట్టుకెళ్తాను."