ముప్పయ్యో గంట తర్వాత

కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపించే ఆ ఆరో అంతస్తు మందుల కంపెనీ ఆఫీసులో, రోహిణి లెక్కలు కట్టి గీసిన గ్రాఫు గీత అంటే అందరికీ తెగ ముద్దు. కణంలో ప్రోటీన్లు సరిగ్గా మడతపడక పేరుకుపోతే, కణం కొత్త పని ఆపేసి, మడతపెట్టడానికి సాయపడే వేరే ప్రోటీన్లను పిలిపించుకుని తేరుకుంటుంది. భారం మరీ ఎక్కువైతే తనను తానే చంపుకుంటుంది. కంపెనీ కొత్త మందు వేస్తే కణాలు ఇట్టే తేరుకుంటాయని రోహిణి సమీకరణాలతో కట్టిన మోడల్ చెప్పింది. మేనేజర్ సురేష్ ఆ గీతను పెద్దది చేయించి గోడకు కూడా అంటించాడు.

చిక్కంతా తిరుపతి తెచ్చాడు. కణాలను పెంచి లెక్కపెట్టే టెక్నీషియన్ ఆయన. మియాపూర్ నుంచి ఆదివారం కూడా వచ్చి మూడుసార్లు ప్రయోగం చేశాడు. మూడుసార్లూ మందు వేసిన ముప్పయ్యో గంట దాటాక కణాలు కుప్పలుగా చచ్చిపోయాయి.

సోమవారం సురేష్ ఆయన ముందు ఒక కాగితం పెట్టాడు. లెక్కింపులో పొరపాటు చేశానని ఒప్పుకోలు.

"సంతకం పెట్టండి తిరుపతిగారూ. మోడల్ అంత చక్కగా ఉంటే గ్రాఫులో మీ లెక్కల చుక్కలు మాత్రం గీత వదిలి ఎటో పోతున్నాయండి. అవి తీసేసి సాయంత్రం రిపోర్ట్ పంపేద్దాం."

"నేను సక్కగనే లెక్కవెట్టిన సార్," అన్నాడు తిరుపతి. అంటూనే పెన్ను అందుకున్నాడు. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది. పెడితే ఇరవై ఏళ్ల మంచి పేరు పోతుంది.

పక్కనే ఉన్న రోహిణికి ఒళ్లు మండిపోయింది. ముందు తన మీదే. సాయానికి వచ్చే ప్రోటీన్లు ఎంత చాకిరీ చేసినా అలసిపోవని రాసుకున్నది ఎవరు? తనే కదా! పొద్దున ఆ ఒక్క ఊహ మార్చి చూసింది. గీత ముప్పయ్యో గంట దగ్గర ఢమాలున కూలి, సరిగ్గా తిరుపతి చుక్కల మీదుగా సాగింది.

"పెన్ను ఇటియ్యి తిరుపతన్నా," అంది. "తప్పు నాది సార్. మోడలే తప్పు."

"ఏడాది కష్టం మీ చేతులతో మీరే చెత్తబుట్టలో వేసుకుంటారా అండీ?"

"ఏస్కుంట. రేపు గీ మందు మనుషులకిస్తరు. అప్పుడెవరితోని సంతకం వెట్టిస్తరు?"

"ఈ మాట బయటికి పోతే మీరిక్కడ ఉండరు."

రోహిణి కాగితం లాక్కుంది. తిరుపతి పేరు కొట్టేసి తన పేరు రాసింది. లెక్కింపు అన్న మాట కొట్టేసి మోడల్ అని రాసి, సంతకం పెట్టింది. ఫోటో తీసి, తిరుపతి చుక్కలన్నిటితో సహా, ఆ రిపోర్ట్ చదివే ప్రతి ఒక్కరికీ అక్కడికక్కడే పంపేసింది.

"నన్ను తీసేస్తరా? తీసెయ్యుండ్రి సార్," అంది. "సచ్చిన సెల్స్ లేచి కూసుంటయా?"