అనంతమ్మ చెప్పని ఆమెన్

మా అత్తమ్మ అనంతమ్మ ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ అనేలోపు జహీరాబాద్‌లో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోతుంది. మా చర్చి సంఘంలో ఎవరికి ఏం కావాలన్నా ముందు ఆమె దగ్గరికే వస్తారు. పెళ్ళి కుదరాలన్నా, బోరులో నీళ్ళు పడాలన్నా, అల్లానికి మంచి ధర రావాలన్నా ఆమే. అల్లం ధర పడిపోవాలనుకునే వ్యాపారి కూడా ఆమె దగ్గరికే వస్తాడు. ఇద్దరికీ ప్రార్థన చేస్తుంది. ఎవరిది వినాలో దేవుడే చూసుకుంటాడంటుంది.

పోయిన ఎండాకాలం అత్తమ్మ చెల్లెలు దవాఖానలో పడింది. సంఘమంతా ఉపవాసాలున్నారు. అత్తమ్మ మోకాళ్ళు వాచేలా ప్రార్థించింది. చెల్లెలు బతకలేదు.

ఆ తర్వాత అత్తమ్మకు నిద్ర కరువైంది. వచ్చినవాళ్ళకు ప్రార్థన చేస్తూనే ఉంది గానీ తెల్లారేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. నేను చూసీ ఊరుకునే కోడల్ని కాదు. అల్లం కడుగుతున్నప్పుడు నిలదీశాను.

"నవతా, ఎవ్వరికి చెప్పకు," అంది. "దేవుడు ఉన్నడో లేడో నాకు ఎరుకైతలేదు. నోరు చెప్పుకుంట పోతున్నది, లోపల ఏం లేదు. అందర్ని మోసం చేస్తున్నట్టున్నది. గీ శుక్రవారం మనింట్ల కూటం ఉన్నది గద, గదే ఆఖరు. ఇంక చర్చికి రాను."

నాకు భయమేసింది. నాది ఆదివారం భక్తి. కానుక వేస్తూనే బయట చెప్పులున్నాయో లేదో చూసుకునే రకాన్ని. ఆమే మానేస్తే మా ఇంట్లో దేవుడి తరఫున మాట్లాడేవాళ్ళు ఇంకెవరు?

శుక్రవారం ఉపవాస కూటానికి ఇల్లు నిండింది. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినరు. ప్రార్థన అయ్యాకే భోజనం. వంకాయ కూర, జొన్నరొట్టెలు చేసి మూతలు పెట్టాను గానీ, మూత పెడితే వాసన ఆగుతుందా? పాస్టరయ్య వాక్యం చెప్పడం ఎన్నడూ లేనంత త్వరగా ముగించి, "ముగింపు ప్రార్థన అనంతమ్మ చేస్తది," అన్నాడు.

మా సంఘంలో ఒక అలవాటుంది. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు మాటమాటకీ "అవునయ్యా", "స్తోత్రం" అంటారు. మనసు ఎక్కడ తిరుగుతున్నా నోరు సరిగ్గా అందుకుంటుంది. అందరికంటే పెద్ద గొంతు ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చే ఎంకయ్య తాతది.

అత్తమ్మ కుర్చీ ముందు మోకరించింది. కొంగు తలమీదికి లాక్కుని నోరు విప్పింది.

"తండ్రీ..."

"స్తోత్రం!"

"నాకు నిద్ర పడ్తలేదు."

"అవునయ్యా!"

"నా చెల్లెను బతికియ్యమని అడిగిన. నువ్వు వినలే."

"అవునయ్యా, స్తోత్రం!"

"నువ్వున్నవో లేవో నాకు తెలుస్తలేదు."

"అవునయ్యా!" అంది ఇల్లంతా ఒక్క గొంతుతో, పాస్టరయ్యతో సహా.

ఏమన్నామో అప్పుడు అర్థమైంది. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. పాస్టరయ్య నాలుక కరుచుకున్నాడు. మామయ్య నావైపు అనుమానంగా చూశాడు, ఇదంతా నేనే నేర్పినట్టు. నాకు నవ్వు పొంగుకొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అత్తమ్మ భుజాలు వణకడం చూశాక నవ్వు పోయింది.

ఎంకయ్య తాత మాత్రం కళ్ళు తెరవలేదు. "అవునయ్యా," అన్నాడు మళ్ళీ, ఈసారి చాలా చిన్నగా. "మా పెద్దోడు లారీ కింద పడి పోయినప్పటి సంది నాకు గూడ గట్లనే అనిపిస్తది. అయినా నీ దగ్గరికే వస్తున్న. ఇంకెక్కడికని పోవాలె?"

వెనకనుంచి ఒకామె "అవునయ్యా" అంది. ఆ పక్కామె కూడా అంది. ఇప్పుడు ఎవరి నోరూ ఊరికే అనలేదు. పాస్టరయ్య తలవంచుకుని అందరికంటే ఆఖరున అన్నాడు. నేనూ అప్పటికే అన్నాను, ఏడుస్తూ.

అత్తమ్మ కుర్చీ మీద తల ఆన్చింది. "ఇంక నాతోటి కాదు తండ్రీ. నువ్వే చూస్కో," అంది. తర్వాత మాట లేదు.

ప్రార్థించేవాళ్ళు ఆమెన్ అనేదాకా ఎవరూ లేవకూడదు. మోకాళ్ళు లాగేస్తున్నాయి. పాస్టరయ్య కడుపు అందరికీ వినబడేలా మూలిగింది. చివరికి నేనే వంగి చూశాను. అత్తమ్మ కొంచెం నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఎంకయ్య తాత భుజం మీది తువాలు మడిచి నా చేతికిచ్చాడు, ఆమె చెంప కింద పెట్టాను. పసిపిల్ల ఉన్న ఇంట్లోలా అందరం మెల్లగా ఆమెన్ అనుకుని, చప్పుడు కాకుండా వాకిట్లో కూర్చుని రొట్టెలు తిన్నాం.

సాయంత్రం లేచి కంగారుగా అడిగింది. "కూటం అయిపోయిందా? నేను ఆమెన్ అన్ననా?"

"అనలే అత్తమ్మా. నీ తరఫున మేమన్నం."

ఆమె ముఖంలో ఇన్నాళ్ళ బిగువు లేదు. "అయితే నేను మొయ్యకున్నా నడుస్తదన్న మాట," అంది, ఒకింత రోషంగానే.

నేను రొట్టె పెట్టాను. ఆకలిగా తింటూ అంది:

"ఆదివారం నేను గూడ వస్త. ప్రార్థన మాత్రం మీరు చెయ్యిన్రి. నేను జర గోడకు ఆనుకోని కూసుంట."