మూడు గాలి మీటర్లు

మా చర్చి సంఘం వాళ్ళకి ఇంజను గురించి ఏమీ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. కానీ ఏమీ తెలియని పదిహేను మంది కుర్చీలేసుకుని కూర్చుని, చేతులెత్తి, తెలిసినవాడికి పని నేర్పడం మొదలెడితే నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు యిర్మియా. పోర్ట్ బ్లెయిర్ హడ్డోలో నాకో రేకుల షెడ్డు ఉంది. అది పెట్టకముందు పంతొమ్మిదేళ్ళు దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజను గదిలో పనిచేశాను. ఇంజను ఎక్కడ నలతగా ఉందో చప్పుడు విని చెప్పగలను. మా కమిటీలో ఒక్కడంటే ఒక్కడు తన స్కూటరుకి ప్లగ్గు ఎక్కడుందో చూపించలేడు.

మా చర్చి మా నాన్నలు కట్టుకున్నది. అడవి కొట్టడానికీ జెట్టీలు కట్టడానికీ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, తెలుగులో పాడుకోవడానికి ఓ కప్పుండాలని కట్టారు. ఆ గోడల మీద ఎవరి పేరూ లేదు. వాళ్ళ పిల్లలకి మాత్రం పేర్ల పిచ్చి పట్టింది. బల్ల ఇచ్చినవాడి పేరు బల్ల మీద, గడియారం ఇచ్చినవాడి పేరు గడియారం మీద, చివరికి మంచినీళ్ళ డ్రమ్ము మీద కూడా ఇంటిల్లిపాది పేర్లూ ఉంటాయి. ఒకాయనైతే, తిరుగుతుంటే రెక్క మీద తన పేరు కనపడటం లేదని ఆరాధన మధ్యలో ఫ్యాను ఆపించాడు. ఆ రోజు ఉక్కకి ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తిరిగి పడిపోయారు.

రెండువేల మూడో సంవత్సరంలో ఈ పెద్దమనుషులు జీపు కొన్నారు. డిగ్లీపూర్‌లో మావాళ్ళు ఇరవై కుటుంబాల వరకూ ఉన్నారు. నెలకోసారి పాస్టరుగారు అక్కడికి వెళ్ళి ఆరాధన జరిపించి రావాలి. బస్సులో వెళ్తే ఆయన నడుమూ రోజూ రెండూ పోతున్నాయి. అందుకని విశాఖపట్నంలో ఎక్కడో వేలంలో పాత టర్బో జీపు పాడి ఓడలో తెప్పించారు. కొనేముందు నన్ను అడగలేదు, వచ్చాక మాత్రం తోయడానికి పిలిచారు.

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను వదిలే పొగతోనే ఒక చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకి అవతల ఉన్న ఇంకో చక్రం ఇంజనులోకి గాలి కుక్కుతుంది. బండికి బలం వస్తుంది. అంత జోరుగా తిరిగే ఇరుసు ఆయిలు పొర మీద తేలాలి. ఆయిలు అందకపోతే నిమిషాల్లో మాడి చస్తుంది. ఈ జీపులో ఆయిలు తగ్గితే వెలగాల్సిన బల్బు ఎప్పుడో పోయింది. దాని వైర్లు గోడౌను ఎలకలు తినేశాయి. అందుకని మీటర్లు పెట్టించుకోండి అన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

బండి నడిపేవాడు జీవానందం. నాకు వరసకి మేనల్లుడు. ఫీనిక్స్ బే జెట్టీలో మూటలు మోసి మోసి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇంక బరువెత్తితే మంచం మీదే బతకాలని డాక్టరు చెప్పాడు. చేతిలో ఉన్నది డ్రైవింగు లైసెన్సొక్కటే. కమిటీ వాణ్ణి ఆర్నెల్లు పరీక్షకి పెట్టుకుంది. ఆ ఆర్నెల్లూ మాట రాకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం, చర్చి వెనక రెండు గదుల ఇల్లు కూడా. పెళ్ళాం సుందరికి ఏడో నెల. సముద్రం ఆటుపోటుకి నీళ్ళొచ్చే గుడిసెలో ఉంటున్నారు. వాడికి ఆ జీపు తప్ప గతి లేదు, ఆ సంగతి నాకూ తెలుసు.

ఆదివారం ఆరాధనయ్యాక మీటింగు పెట్టారు. మద్రాసు నుంచి తెప్పించిన మీటర్ల బొమ్మల పుస్తకం బల్ల మీద పరిచాను. సెక్రటరీ కృపానందంగారు ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఫైలు లేకపోతే ఆయనకి గుటక దిగదు.

"మొదట ఆయిలు ప్రెషరు మీటరు. అది లేకుండా బండి కదపొద్దు. తరవాత పొగ వేడి చూపించే మీటరు, ఎత్తులెక్కేటప్పుడు ఇంజను మాడిపోకుండా. ఆ రెండూ పెట్టాక, సరదా ఉంటే, టర్బో ఎంత గాలి కుక్కుతోందో చూపించే గాలి మీటరు" అన్నాను.

పుష్పవతమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. పోయిన భర్త పేరు మీద ఒక మీటరు ఇస్తానని అప్పటికే అందరికీ చెప్పేశారు.

"ఆయిలు మీటరు ముల్లు ఎలా కదులుతుందయ్యా?"

"పెద్దగా కదలదండి. ఉన్నచోట ఉంటేనే మంచిది."

"మరి గాలి మీటరు?"

"యాక్సిలేటరు తొక్కినప్పుడల్లా లేస్తుంది, వదిలితే పడుతుంది."

"అయితే నాకు లేచేదే కావాలి. కదలని మీటరు మీద మా ఆయన పేరేంటి, చచ్చినట్టు పడుంటే ఎవరు చూస్తారు?"

ఇంక చూడండి. కృపానందంగారికీ లేచేదే కావాలి. చేపల లాంచీలున్న పెద్దబ్బాయి అనే మెంబరుకీ లేచేదే కావాలి. ముగ్గురూ మాటామాటా అనుకున్నారు, కమిటీలోనే ఉన్న లీదియాగారు ప్రార్థన చేసి శాంతింపజేశారు. ఎవరో వేడి మీటరు సంగతి ఎత్తితే, దానికి పొగ గొట్టానికి బెజ్జం పెట్టాలన్నాను. అంతే, అందరూ ఒక్కసారి నోళ్ళు నొక్కుకున్నారు.

"ప్రార్థన చేసి ప్రతిష్ఠించిన బండికి బెజ్జం పెడతావా? సిగ్గులేదూ?" అన్నారు కృపానందంగారు.

చివరికి తీర్మానం ఏమయ్యా అంటే, మూడు కుటుంబాలూ మూడు మీటర్లిస్తాయి, మూడూ గాలి మీటర్లే. ఎత్తిన చేతులు కృపానందంగారు రెండుసార్లు లెక్కపెట్టుకుని పుస్తకంలో రాసుకున్నారు.

"ఇంకో నాలుగు కూడా పెట్టించండి. పాస్టరుగారు దారిలో గాలి పీల్చుకోనక్కర్లేదు, చూసుకుంటే చాలు" అన్నాను.

అందరూ పడిపడి నవ్వారు. యిర్మియా వెటకారం అంటే మా సంఘంలో పేరు. పెళ్ళిళ్ళకి కూడా నన్ను దానికోసమే పిలుస్తారు. నాకు వాళ్ళ నవ్వు చూస్తే ఇంకా అసహ్యం వేసింది.

మూడు మీటర్లూ బిగించాను. ఒకే గాలిని మూడు గొట్టాలుగా చీల్చి మూడిటికీ ఇచ్చాను. అద్దాల కింద ఎర్ర రంగుతో పేర్లు రాయించారు. తొక్కితే ఒకటి పది చూపించేది, ఒకటి పన్నెండు, కృపానందంగారిది పద్నాలుగు. తన మీటరు ఎక్కువ చూపిస్తోందని ఆయన ఇంటింటికీ వెళ్ళి చెప్పుకున్నాడు. ఇలాంటివాళ్ళ కింద ఒక ఆఫీసు ముప్ఫై ఏళ్ళు ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి.

మీటర్లు బిగించాక మొదటి డిగ్లీపూర్ ప్రయాణానికి రెండు రోజుల ముందు జీవానందం షెడ్డుకి వచ్చాడు. గోడకి తగిలించి ఉన్న ఇత్తడి అంచు ఆయిలు మీటరు కేసి చూశాడు. విప్పేసిన లాంచీలోది అది. బంగారంలా పనిచేస్తుంది. బిగించడానికి అరగంట చాలు.

"మామా, అది నాకు లగాదే. డ్యాష్‌బోర్డు మీదొద్దు, సీటు కింద పెట్టు. కిసీకో పతా నహీ చలేగా, ఎవులికీ తెలీదు. నానొక్కడినే సూసుకుంతాను."

"కమిటీ రావాల్రా. వచ్చి, యిర్మియా, మాకు తెలీలేదు, నువ్వు చెప్పిందే నిజం అనాలి. అప్పుడు పెడతా."

"ఆళ్ళెందుకొస్తారు మామా? నా సంగతి సూడు. పరీక్షకి ఐదో నెల నడుస్తంది, ఇంకొక్క నెల. ఏటైనా అయితే నా మీదకే కదా వచ్చేది."

"పొద్దున్నే పుల్ల పెట్టి ఆయిలు చూసుకో. సరిపోతుంది."

"బయల్దేరినప్పుడు సూసుకుంతాను. దారిలో పోతే?"

"పోతే పోనీ. వాళ్ళకి బుద్ధొస్తుంది."

వాడు నడుం మీద చెయ్యి వేసుకుని, మీటరు కేసి ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు. నేను స్పానరు తుడుచుకుంటూ కూర్చున్నాను. నాకు ఆ అరగంట పని బరువు కాదు. కృపానందంగారు నా గుమ్మంలోకి వచ్చి తల వంచుకుని నిలబడతాడన్న ఊహే తీపిగా ఉంది.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. డిగ్లీపూర్ నుంచి తిరిగి వస్తుంటే, రంగత్ దాటాక ఆ గుంతల రోడ్డు మీద టర్బోకి ఆయిలు తీసుకుపోయే గొట్టం కుదుపుకి ఊడింది. ఆయిలంతా రోడ్డు మీద పోయింది. జీవానందానికి ఏం తెలుస్తుంది? ఎదురుగా మూడు ముళ్ళూ హుషారుగా లేస్తున్నాయి. పది, పన్నెండు, పద్నాలుగు. కీచుమని అరుపు వినపడగానే ఆపేశాడట. అప్పటికే ఆలస్యమైపోయింది. టర్బో మాడి, ఇంజను పట్టేసింది. పాస్టరుగారు లారీలో కూర్చుని వచ్చారు, జీపు ఇంకో లారీ మీద వచ్చింది.

విప్పి చూశాను. ఇరుసు నీలంగా కమిలిపోయి ఉంది. నిజం చెప్పాలంటే నాకు మొదట సంతోషం వేసింది. నేను చెప్పానా లేదా అని అక్కడున్న నలుగురికీ ఆ ఇరుసు చూపించాను. అప్పుడు షెడ్డు మూల పాత టైరు మీద జీవానందం కనపడ్డాడు. పొద్దుట్నించీ అక్కడే కూర్చున్నాడట. నా ఇరుసు కేసి చూడటం లేదు, నా కేసి చూస్తున్నాడు. ఇరుసు కింద పెట్టేశాను.

ఆ ఆదివారం మళ్ళీ మీటింగు. జీవానందాన్ని ముందు నిలబెట్టారు. వెనక బల్ల మీద సుందరి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కృపానందంగారు కాగితం తీసి చదివారు. "సంఘం భక్తిపూర్వకంగా మూడు మీటర్లు సమకూర్చినప్పటికీ, డ్రైవరు వాటిని గమనించకుండా అజాగ్రత్తగా నడిపినందువల్ల..."

నేను లేచి నిలబడ్డాను.

"వాడి తప్పు లేదు. ఆయిలు మీటరు నా షెడ్డులో ఉంది. పెట్టమని వాడు నన్ను బతిమాలాడు. నేను పెట్టలేదు. మీ అందరికీ బుద్ధి రావాలని పెట్టలేదు. తప్పు నాది."

ఒక్క క్షణం చప్పుడు లేదు. తరవాత పెద్దబ్బాయి పకపకా నవ్వాడు. వాణ్ణి చూసి అందరూ.

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టాడు" అన్నారు పుష్పవతమ్మగారు. "తప్పు నాది అంటూనే మనకి చురకలు వేస్తున్నాడు, చూశారా?"

"వెటకారం కాదండీ. ఒట్టు. నిజంగానే చెబుతున్నాను."

"నీ నిజాలు మాకు తెలుసులేవయ్యా, కూర్చో" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. యాభై ఏళ్ళు వచ్చినవాణ్ణి, ఏం చేస్తే నా మాట నమ్ముతారో తెలియక, చేతులు జోడించాను. అది చూసి ఇంకా నవ్వారు.

కృపానందంగారు మాత్రం నవ్వలేదు. జీవానందం వైపు తిరిగారు.

"నిజమేనా? ఆయిలు మీటరు పెట్టమని అడిగావా?"

"అవునండి. అడిగాను."

"ఎందుకడిగావు?"

"అది లేకపోతే డేంజరని మామ చెప్పాడండి."

"అంటే ప్రమాదమని నీకు ముందే తెలుసు. తెలిసి కూడా కమిటీకి రాసి ఇవ్వకుండా, పాస్టరుగారిని ఎక్కించుకుని బండి నడిపావు." ఆయన కలం మూత తీశారు. "ఇది అజాగ్రత్త కూడా కాదు, తెలిసి చేసిన పని. రాసుకుంటున్నాను."

"నా మాట వినండి, ఆ మీటింగులో నేనే చెప్పాను కదా..." అన్నాను. ఎవరూ వినలేదు. వాణ్ణి కాపాడదామని నేను చెప్పిన మాటతోనే వాడి మెడకి ఉరి బిగించాడు ఆ మహానుభావుడు. వాణ్ణి పనిలోంచి తీసెయ్యడానికి చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి. లీదియాగారు కళ్ళు తుడుచుకుంటూ ఎత్తారు, కానీ ఎత్తారు.

బయట మెట్ల మీద జీవానందాన్ని పట్టుకున్నాను. షెడ్డులో పని ఇస్తానురా, కూర్చుని చేసుకునే పనే, అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మామా. రేప్పొద్దున్న జెట్టీకెళ్తాను. చిన్న మూటలైతే ఎత్తగలను."

"ఒరే, డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా?"

వాడు నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు వాడి మొహంలో. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మామా, ఒక్కటడుగుతాను, సచ్ బతా, నిజం చెప్పు. లోపల అలా లేచి చెప్పావే, అది నా కోసం చెప్పావా? ఆళ్ళనింకో మాట అనడానికి చెప్పావా?"

నీ కోసమేరా అనడానికి నోరు తెరిచాను. లోపల, మీకు బుద్ధి రావాలని నేనన్నప్పుడు అందరూ ఠక్కున నోరు మూసుకున్న ఆ ఒక్క క్షణం నాకెంత బాగుందో గుర్తొచ్చింది. తల వంచుకున్నాను. తరవాత సుందరి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దింపి తీసుకుపోయింది.