అసిరమ్మ ఆరు రాళ్ళు

నేను ఒక పిచ్చాసుపత్రిని. విక్టోరియా రాణి ఏలుబడిలో, సముద్రపు గాలి తగిలే గుట్ట మీద నన్ను కట్టారు. రాతి పునాది, గానుగ సున్నం, రెండు నిలువుల ప్రహరీ. నాలోకి రావడానికి ఒక్క సంతకం చాలు. బయటికి వెళ్ళడమే కష్టం.

రోగికి మతి కుదిరిందో లేదో తేల్చడానికి దొరలు ఒక ఉపాయం కనిపెట్టారు. నెలకోసారి అందరినీ కాటా ఎక్కించేవారు. వరసగా మూడు నెలలు బరువు పెరిగితే మతి కుదిరినట్టే. మనసును కాటాలో తూచే ఈ తెలివికి నాకు నవ్వొచ్చేది. కానీ నేను నవ్వితే గోడలు బీటలిస్తాయి.

పురిటి తర్వాత మతి చెదిరిందని అసిరమ్మను తెచ్చి అప్పగించారు. నాలుగు నెలలకే తేరుకుంది. రోజంతా నా గోడకే ఆనుకుని కూర్చునేది కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇంటి దగ్గరున్న బిడ్డ మీద బెంగతో ఆమెకు అన్నం సహించేది కాదు. చిక్కేకొద్దీ విడుదల దూరమయ్యేది.

ఒక మధ్యాహ్నం ఆమె వేళ్ళు నా పునాదిని తడిమాయి. సున్నం ఊడిన చోట రెండు రాళ్ళు లాగింది. తూకం నాడు వాటిని నడుముకు కట్టుకుని పైన చీర చుట్టింది. మరుసటి నెల నాలుగు. మూడో నెల ఆరు. దొరికిపోతుందేమోనని నాకు ఒకటే భయం.

చివరికి దొరికిపోయింది. కాటా దిగుతుంటే ముడి వీడి, రాళ్ళు డాక్టరు రంగయ్య నాయుడి బూట్ల దగ్గర పడ్డాయి.

"ఈ రాళ్ళేమిటమ్మా?"

"బరువెక్కితే ఒగ్గేస్తారని బాబూ. నా గుంటకి ఎనిమిదో నెల. ఇంకా ఆలీసమైతే నన్ను పోల్చుకోదు."

ఎప్పటినుంచి, ఎన్నేసి అని ఆయన అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది.

"ఆరూ మొదటి నెలే కట్టుకోలేకపోయావా?"

"ఒక్కపాలే అంత ఒళ్ళు సేస్తే ఎవులు నమ్ముతారు బాబూ?"

నాయుడు రాళ్ళు లేకుండా ఆమెను మళ్ళీ కాటా ఎక్కించాడు. తర్వాత రిజిస్టరు తెరిచి రాశాడు: బరువు తగ్గింది. మతి కుదిరింది. ఇంటికి పంపవచ్చు.

వెళ్ళేముందు అసిరమ్మ ఆ ఆరు రాళ్ళనూ తెచ్చి, తీసిన చోటే పెట్టి అరచేత్తో నొక్కింది. వందేళ్ళు దాటింది. ఇప్పుడు నేను ఖాళీ. చూడవచ్చినవాళ్ళు నా కమానులు చూసి అబ్బురపడతారు. నాకు మాత్రం ఆ ఆరు రాళ్ళే అబ్బురం. మళ్ళీ ఎవరూ సున్నం పెట్టలేదు, అయినా ఇన్ని తుఫానుల్లో ఒక్కటీ ఊడలేదు.

ఆ బిడ్డ తల్లిని పోల్చుకుందా? నా గేటు దాటి వెళ్ళినవాళ్ళెవరూ ఆ కబురు చెప్పడానికి తిరిగి రాలేదు.