ఆరక్షరాల జాగా

కోమలకు ముప్పై నాలుగేళ్లు. ఎవరింటికి పోయినా, చెప్పులు విడవకముందే, పాలగిన్నె మీద మూత ఉందో లేదో అడుగుతుంది.

అది ఆమె మర్యాద. ఎవరి మీదైనా కుళ్లు పుడితే ఆమె కుడికన్ను చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. ఆ చూపు పడ్డచోట ఏదో ఒకటి మారిపోతుంది. పాలు విరుగుతాయి, మల్లెమొగ్గలు విచ్చకుండానే వాడిపోతాయి. షాద్‌నగర్ స్టేషన్ వెనక వీధిలో ఇదేం వింత కాదు. మబ్బు పడితే ఆరేసిన బట్టలు తీసుకున్నట్టు, కోమల వస్తుంటే పాల మీద మూత పెట్టుకుంటారు.

పక్కింటి బిక్షమ్మ కొత్త ఫ్రిజ్ తెచ్చుకున్న రోజు, దాని మీద పాత దుప్పటి కప్పి మరీ పిలిచింది.

"చాయ్ తాగిపో గని, అటు దిక్కు జూడకే కోమలా. ఇంక స్టిక్కర్ గూడ పీకలె."

"నాకేం కుళ్లు లేదు బిక్షమ్మక్కా. మాకూ ఉంది గద ఫ్రిజ్."

"మీది ఒక్క తలుపుదే గద బిడ్డా. గందుకే కప్పిన." చాయ్ పోస్తూ బిక్షమ్మ మళ్లీ అంది: "అవునే, మా పత్తిచేన్ల గడ్డి మోకాలెత్తు లేసింది. ఒకపారి వచ్చి దాని మీద కుళ్లుకోరాదు?"

"గడ్డి మీద ఎట్ల కుళ్లుకుంటనక్కా? లోపలికెల్లి రావాలె గద."

ఆమెకు లోపలినుంచి కుళ్లు వచ్చేది గడ్డి మీద కాదు, ఫ్రిజ్ మీద కూడా కాదు. మొగుడి మీద.

కోమల, బెంజమిన్ ఒకే కంపెనీకి పనిచేస్తారు. అతను పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఆమె అత్త జంగమ్మ మోకాళ్లకు కాపడం పెడుతూ ఇంట్లో నుంచే చేస్తుంది. కంపెనీ పని కాక, ఇద్దరికీ ఇంకో పిచ్చి ఉంది. ఏ కంప్యూటరైనా స్విచ్చి వేయగానే, దాని లోపల మొదట మేలుకునే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం, తర్వాత నడిచేవాటికి కొన్ని పట్టికలు అప్పజెపుతుంది: ప్రాసెసర్లు ఎన్ని, మెమరీ ఎక్కడ, ఏ పరికరం ఎక్కడ తగిలించి ఉంది అని. ఆ పట్టికలు తయారుచేసే కోడ్‌ను దేశదేశాల వాళ్లు కలిసి రాస్తారు. అందులో తప్పు దొరికితే ఎవరైనా దిద్ది పంపవచ్చు. అదే ప్యాచ్. పంపినవాళ్ల పేరు దాని నెత్తిన ఎప్పటికీ ఉండిపోతుంది.

ఉండిపోయేది బెంజమిన్ పేరు. తప్పు పట్టుకునేది కోమల, కోడ్ రాసేది కోమల. "నా పేరు మీద పోతే జల్ది చూస్తరు, నేనంటే అందరికి ఎరుకే గద" అన్నాడు మొదటిసారి. రెండోసారి ఆ మాట కూడా అనకుండా పంపేశాడు.

ఇక కోమలకు పేరున్న ప్రతిదాని మీదా కుళ్లే. గిన్నెలు తోముతుంటే పెళ్లిలో చదివించిన స్టీలు సామాన్ల మీద కొట్టించిన పేర్లు కనబడేవి. చెంబు మీద 'బాలస్వామి, మేళ్లచెరువు'. ఆ బాలస్వామి పెదనాయిన చచ్చిపోయి చాలాకాలమైంది, ఆయన పేరు మాత్రం ఆమె చేతుల్లో రోజూ తానం చేసి మెరుస్తోంది. గరిటె మీద కూడా ఎవరో ఒక మగవాడున్నాడు. ఇంటెడు సామాన్లలో కోమల పేరున్న గిన్నె ఒక్కటీ లేదు.

దేశదేశాల వాళ్లు కలిసి రాసే ఆ ప్రాజెక్టుకు ఒక కట్టుబాటు ఉంది. పట్టిక ఎట్లా ఉండాలో చెప్పే నమూనాను బైనరీ ఫైలుగా దాచిపెట్టి, కొత్తగా తయారైన పట్టికను దానితో పోల్చి పరీక్షిస్తారు. పట్టికను మార్చదలిస్తే మూడు ముక్కలుగా పంపాలి. 'ఫలానా ఫైలు మారబోతోంది, తేడా వస్తే గోల చేయకండి' అని మొదటి ముక్కలో చెప్పుకోవాలి. రెండోదానిలో కోడ్ ఒక్కటే. మూడోదానిలో కొత్త బైనరీ, దానితోపాటు ఏం మారిందో మనిషి చదవగలిగే మాటల్లో. బైనరీని కోడ్‌తో కలపనే కూడదు. దాని లోపల ఏముందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అది విడిగా ఉంటే, పరిశీలించేవాళ్లు దాన్ని పక్కనపెట్టి కోడ్ నుంచి తామే మళ్లీ తయారుచేసుకుంటారు.

ఈ మూడో ముక్క ఎప్పుడూ కోమలదే. అంట్లు తోమడం లాంటి పని. చేస్తే కనబడదు, చేయకపోతే ఇల్లంతా కంపు.

బెంజమిన్ తన కంప్యూటర్ తెర అంచుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకున్నాడు. ప్రతి శనివారం కొత్తవి గుచ్చి ఇచ్చేది జంగమ్మే. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అడిగితే, "ఏసయ్య పెద్ద పెద్దవి చూస్కుంటడు. గిసొంటివి మనమే చూస్కోవాలె" అంటుంది. కోమల కూడా ఆ తెర దిక్కు చూడకుండా టిఫిన్ బాక్స్ పెట్టి పోయేది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు బెంజమిన్‌ను లేపి నిలబెట్టాడు. మన బిడ్డ పేరు ఖండాలు దాటిందన్నాడు. ఇంకొక్క ప్యాచ్ లోపలికి పోతే ఆ పట్టికల కాపలా, అంటే ఎవరి ప్యాచ్ లోపలికి రానివ్వాలో తేల్చే పని, మొత్తం బెంజమిన్‌కే అప్పజెపుతారట, అందరూ ప్రార్థించాలన్నాడు. చప్పట్లు మోగాయి. కోమల కన్ను చురుక్కుమంది. వేదిక మీది చామంతులను ఆడవాళ్లు ముందే జరిపారు కాబట్టి అవి బతికాయి. మైకు మాత్రం గురగురమని ఆగిపోయింది. ఎవరూ తల తిప్పలేదు. పాస్టరు గొంతు పెంచుకున్నాడు.

ఇంటికొచ్చాక అడిగింది: "గా ప్యాచ్ రాసింది నేనని చెప్పలేదా పాస్టరయ్యకు?"

"చెప్తే ఏమొస్తది? మనిద్దరం ఒకటే గద."

"ఒకటే అయితే ఈసారి నా పేరు పెట్టు."

బెంజమిన్ నవ్వాడు. "గిదేనే నీ కుళ్లు."

"మొగని మీద కుళ్లేందే?" అంది జంగమ్మ. "తోటికోడలి మీదనో ఆడిబిడ్డ మీదనో అయితే నలుగురికి సమజైతది."

నిజమే. తోటికోడలి మీదైతే లోకం సర్దిచెబుతుంది. మగవాడు పేరు కోరితే పట్టుదల, ఆడది కోరితే కడుపుమంట. కోమల ఆ రోజు అన్నం సగంలోనే లేచింది. మూడో ముక్క చేయనని చెప్పింది.

"నువ్వు చెయ్యకుంటే ఆగుతదా?" అన్నాడు బెంజమిన్.

సోమవారం పొద్దున అతనే కూర్చున్నాడు. బస్సుకు టైమవుతోంది. కోడ్, బైనరీ రెండూ కలిపి ఒకే ముద్ద చేశాడు. ఏం మారిందో మాటల్లో రాయనేలేదు, ఎప్పుడూ రాసింది ఆమే కాబట్టి. పరీక్ష నడిపాడు, అంతా సరే అని పచ్చగా వచ్చింది. బూట్లు వేసుకోవడానికి లేచాడు.

కోమల టిఫిన్ బాక్స్ తెచ్చింది. మొన్న శనివారం కట్టిన నిమ్మకాయ అప్పుడే ఎండి, దారం తెగి, కీబోర్డు పక్కన పడి ఉంది. తెర మీద, రాసినవారు: బెంజమిన్. కింద ఆమె కోడ్, దాని కింద ఎవరికీ అర్థంకాని బైనరీ. కన్ను భగ్గుమంది.

ఇన్నేళ్లూ ఇట్లాంటప్పుడు మొహం తిప్పుకుంది. ఈసారి తిప్పుకోలేదు. టిఫిన్ బాక్స్ పట్టుకుని అక్కడే నిలబడి, కడుపునిండా చూసింది.

బెంజమిన్ వచ్చి పంపే మీట నొక్కి బస్సుకు ఉరికాడు.

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ పట్టికలకు అప్పటి కాపలాదారు హనా అనే ఆమె, ఎక్కడో మంచుదేశంలో ఉంటుంది. అందరూ చదివే చోట రాసింది:

'మీ పరీక్ష మా దగ్గర తప్పింది. ప్రతి పట్టిక మొదట్లో, తయారుచేసినవారి పేరుకు ఆరక్షరాల జాగా ఉంటుంది. మీ కోడ్ అక్కడ ప్రాజెక్టు పేరే వేస్తోంది. మీరు పంపిన బైనరీలో మాత్రం కోమల అని ఉంది, ఇంగ్లీషులో సరిగ్గా ఆరక్షరాలు. చెడిపోని పట్టికలోని అంకెలన్నీ కూడితే చివర సున్నా రావాలి. వస్తోంది. కాబట్టి ఇది దారిలో చెడిపోయిన ఫైలు కాదు, ఎవరిదో కన్ను పడింది. మా అమ్మమ్మ ఉన్న గదిలో మేము వెన్న పెట్టేవాళ్లం కాదు. ఇంతకీ ఈ కోమల ఎవరు?'

బెంజమిన్ మధ్యాహ్నం బస్సుకే ఇల్లు చేరాడు.

"ఏం జేసినవే?"

"చూసిన."

"చూస్తే?"

"చూస్తే పడ్డది. మూడు ముక్కలు జేసి పంపితే పడకపోతుండె. ఆమె నీ బైనరీ అవతల పెట్టి మల్ల చేసుకుంటుండె. నా కన్ను గాలికి పోతుండె."

"సరే తియ్యి. మా ఇంటామె పేరు, ఊకె సరదాకు పెట్టిన అని రాస్త."

"రాయి" అంది కోమల. అని అతని వైపు చూసింది. బెంజమిన్ తెలియకుండానే చాయ్ గ్లాసు మీద చెయ్యి కప్పాడు.

"అమ్మా, జర ఉప్పు తిప్పవే!" అని అరిచాడు.

జంగమ్మ గుప్పిట్లో గల్లుప్పుతో కుంటుకుంటూ వచ్చింది. కొడుకు ముందు నిలబడింది, కోడలిని చూసింది. చివరికి పోయి కోమల చుట్టూ తిప్పింది.

"నాకు గద తగిలింది!" అన్నాడు బెంజమిన్.

"నీకేం తగిలిందిరా? దుక్కలెక్క ఉన్నవ్. ఇది సూడు, ఎట్ల ఎండిపోయిందో."

ఉప్పు పొయ్యిలో చిటపటమంది. కోమల పోయి తన కంప్యూటర్ ముందు కూర్చుంది. 'ఆ కోమల నేనే' అని రాసింది. అదే ప్యాచ్‌ను మూడు ముక్కలు చేసింది. రాసినవారి పేరు దగ్గర తన పేరు పెట్టింది. మూడో ముక్కలో ఏం మారిందో వరసగా, చదివేవాళ్లకు అనుమానం మిగలకుండా రాసింది. ఆరక్షరాల జాగాలో ప్రాజెక్టు పేరే ఉంది. దాన్ని ఎంతసేపు చూసినా కన్ను చురుక్కుమనలేదు.

హనా దాన్ని లోపలికి తీసుకుంది.

మరుసటి ఏడు పట్టికల కాపలా కోమలకు ఇచ్చారు. బెంజమిన్ పంపిన మొదటి ప్యాచ్‌ను, కోడ్‌లో బైనరీ కలిపాడని, ఆమె తిప్పి పంపింది.