యూనిఫాంలో ఉండగా విన్న మాట

ఆ వార్డులో అందరూ ఆమెను చిన్న సిస్టర్ అంటారు. చూడబోతే యాభైకి దగ్గరపడింది, తల సగం నెరిసింది, మోకాళ్ళు మెట్లెక్కమంటే మొరాయిస్తున్నాయి. అయినా చిన్న సిస్టరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే పేరుతో ఇంకో పెద్దావిడ ఉండేది. ఆవిడ పెద్ద సిస్టర్, ఈవిడ చిన్న సిస్టర్. ఆవిడ రిటైరై వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది గానీ, ఈవిడకు మాత్రం పెద్దదయ్యే యోగం పట్టలేదు.

ఇప్పుడు ఆ చిన్న సిస్టర్ అక్క అదే వార్డులో కిటికీ పక్క బెడ్ మీద ఉంది. ఊపిరితిత్తుల జబ్బు. నిండా గాలి పీల్చుకుని నాలుగు మాటలు అంటుంది, మళ్ళీ గాలి కోసం ఆగుతుంది. అమ్మ పోయాక చెల్లెల్నీ తమ్ముణ్ణీ పెంచింది ఈ అక్కే. బట్టలు కుట్టి పెంచింది. చెల్లెలు నర్సింగులో చేరిననాడు మొదటి యూనిఫాం కుట్టిందీ ఆమే. వాచీ పెట్టుకోవడానికి ఎదమీద ఒక చిన్న జేబు అదనంగా కుట్టి, నాడి చూస్తూ వాచీ కోసం తడుముకుంటే పేషెంటు హడలిపోతాడని చెప్పింది. ఆ తర్వాత ఎన్ని యూనిఫాంలు మారినా ప్రతిదానికీ ఆ జేబు ఉండాల్సిందే.

సొంతవాళ్ళు పేషెంటుగా వస్తే ఆ బెడ్ మనం చూడకూడదు. అది వార్డు పద్ధతి. ఎందుకని అడిగితే ఇన్‌చార్జి సిస్టర్ ఒకటే చెబుతుంది, మనవాళ్ళ దగ్గర చెయ్యి వణుకుతుంది, లేదా కన్ను అబద్ధం చెబుతుంది, రెండూ పేషెంటుకి ప్రమాదమే అని. అందుకే అక్క చేరిన రోజునే కిటికీ బెడ్‌ని పొడుగు సిస్టర్‌కి అప్పగించి, చిన్న సిస్టర్‌ని గుమ్మం వైపు బెడ్ల దగ్గరికి తోసేసింది. అక్కని చూడాలంటే డ్యూటీ దిగాక ఇంటి బట్టల్లో రమ్మంది, అందరూ వచ్చే టైములో. చిన్న సిస్టర్ తలూపింది. ఈ పద్ధతిని తనే ఎంతమంది కొత్త నర్సులకు నూరిపోసిందో లెక్కలేదు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదంటుంది?

ఆరోజు పొద్దున డాక్టరు వచ్చినప్పుడు అన్నయ్య అక్క మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. అన్నయ్య అంటే అక్కకు తమ్ముడు, ఈవిడకు అన్న. మనిషి మంచివాడే గానీ ఎదుటివాళ్ళకి వేసిన ప్రశ్నకి తనే జవాబు చెప్పే రకం. డాక్టరు అక్కని ఎలా ఉందని అడిగితే బాగానే ఉందన్నాడు. రాత్రి నిద్ర పట్టిందా అంటే పట్టిందన్నాడు. ఆ రాత్రంతా ఆయన ఇంట్లో గురకపెట్టి పడుకున్నాడు, ఆయనకెలా తెలుసో మరి. డాక్టరు కాగితాలు చూసి, ఆక్సిజన్ పడిపోతోందని, సాయంత్రానికి కూడా నిలబడకపోతే ఐసీయూకి మార్చి గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టాల్సి వస్తుందని చెప్పాడు. ఏం చెయ్యాలో అన్నీ చెయ్యండి డాక్టరుగారూ, దేనికీ వెనకాడొద్దు అన్నాడు అన్నయ్య. అక్క కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. జవాబు చెప్పాలంటే ముందు ఊపిరి కావాలి, ఆ ఊపిరి అందేలోపు డాక్టరు పక్క బెడ్‌కి వెళ్ళిపోయాడు.

ఇంతకు ముందొకసారి ఆ గొట్టం అక్కకు వేశారు. పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టారు. బతికి ఇంటికొచ్చింది. గొంతు తిరిగి రావడానికి చాన్నాళ్ళు పట్టింది, వచ్చినా బొంగురుగానే మిగిలింది. ఆ రోజుల గురించి అక్క ఎప్పుడూ నోరు విప్పలేదు, చెల్లెలు అడగలేదు.

గుమ్మం దగ్గర ఎవరికో కట్టు మారుస్తూ చిన్న సిస్టర్ డాక్టరు మాటలన్నీ విన్నది. ‘సాయంత్రానికి’ అనే మాట చెవిన పడ్డాక ఆమెకు ఏమీ అనిపించకుండా పోయింది. భయం లేదు, ఏడుపు లేదు. కట్టు విప్పింది, పుండు కడిగింది, కొత్త కట్టు వేసింది. అలవాటు ప్రకారం ప్రతి పనికీ ముందు చెప్పింది, ఇప్పుడు తుడుస్తాను, కొంచెం మండుతుంది అని. ఆ చెప్పే గొంతు పక్క గదిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

కాసేపటికి కిటికీ బెడ్ బెల్ మోగింది. అన్నయ్య మందుల షాపుకి వెళ్ళాడు. పొడుగు సిస్టర్ ఒక ముసలాయన్ని బాత్రూంకి నడిపిస్తోంది, మధ్యలో వదిలేస్తే ఆయన పడిపోతాడు. బెల్ మోగితే దగ్గరున్నవాళ్ళు వెళ్ళాలి, అదీ పద్ధతే. చిన్న సిస్టర్ వెళ్ళింది.

అక్క ఆమెను పైనించి కిందిదాకా చూసింది. “డ్యూటీలోనే ఉన్నావు కదా?”

“ఉన్నానక్కా. ఏం కావాలి?”

“అక్కా అనకు. నర్సమ్మతో మాట్లాడుతున్నా.” ఊపిరి తీసుకుంది. “ఆ గొట్టం నాకొద్దు. సాయంత్రమైనా, రేపైనా. ఏమైపోయినా సరే. వద్దు.”

చిన్న సిస్టర్ బెల్ ఆపింది. అన్నయ్యతో ఒకసారి చెప్పి చూడమని ఎలాగో అంది.

“వాడు ఏడుస్తాడు. నేను ఒప్పేసుకుంటాను.” మళ్ళీ ఊపిరి. “చెల్లెలితో చెబితే కడుపులో దాచుకుంటుంది. నర్సుతో చెబితే డాక్టరు దాకా వెళ్తుంది. నువ్వు చదివిందే కదే.”

అవును, చదివిందే. పరీక్షలప్పుడు అక్క కుట్టుమిషన్ తొక్కుతూ ఉంటే, చెల్లెలు పక్కన కూర్చుని పాఠాలు గట్టిగా వల్లెవేసేది. పేషెంటు కోరిక నర్సు చెవిన పడితే అది వైద్యం చేసేవాళ్ళకు చేరాలి, నర్సుకు ఇష్టమున్నా లేకున్నా. ఆ ముక్క దగ్గర చెల్లెలు ఎప్పుడూ తడబడేది, మళ్ళీ మొదటినుంచి చెప్పమని అక్క సతాయించేది. ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకుని, ఇదిగో, సమయం చూసి బయటికి తీసింది.

చిన్న సిస్టర్ దిండు సర్దింది, నీళ్ళు అందేలా పెట్టింది, వచ్చేసింది. తిన్నగా ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళి చెప్పాలి. అంతే పని. ఒక్క నిమిషం పట్టదు. ఇన్‌చార్జి ఫోనులో ఉంది, సరే తర్వాత చెబుదామనుకుంది. ఫోను పెట్టేసింది. అప్పుడూ చెప్పలేదు. డాక్టరు ఎదురొచ్చాడు. ఆయన్ని ఆపి, ఎవరో పేషెంటు మలబద్ధకం గురించి అడిగి పంపించేసింది. పొడుగు సిస్టర్ ఒక ఇంజక్షన్‌కి తోడు చూడమని పిలిచింది, ఇద్దరూ కలిసి మందు పేరు, మోతాదు, పేషెంటు పేరు పైకి చదివారు. అక్షరం తప్పు పోలేదు. చేతులు ఎక్కడా వణకలేదు. బాగానే ఉన్నావా అని పొడుగు సిస్టర్ అడిగితే బాగానే ఉన్నానంది, అన్నయ్య చెప్పినట్టే.

భోజనాల వేళ డబ్బా తెరిచి తిన్నది. ఏం తిన్నదో మూత పెట్టేసరికే గుర్తులేదు. బుర్ర మాత్రం సాకులు వెతుకుతూనే ఉంది. జబ్బు మనిషి, విసుగులో ఏదో అని ఉంటుంది. రేపటికి మనసు మారుతుందేమో. అయినా కిటికీ బెడ్ తనది కాదు కదా, పొడుగు సిస్టర్‌ది. తనకి సంబంధం లేని పేషెంటు చెప్పిన మాట తనెందుకు మొయ్యాలి? ఈ చివరి సాకు దొరికాక ఆమెకు కాస్త నెమ్మదించింది. కొత్త నర్సు ఎవరైనా ఈ మాట తనతో అని ఉంటే చెవి మెలిపెట్టి ఉండేది. మాట విన్నవాళ్ళదే బాధ్యత, బెడ్ ఎవరిదన్నది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ డబ్బా కడుక్కుని వెళ్ళి పనిలో పడింది.

అసలు సంగతి అది కాదు. చెప్పకపోతే సాయంత్రం గొట్టం వేస్తారు, అక్క బతకొచ్చు. చెబితే వెయ్యరు, అక్క పోవచ్చు. ఎన్ని పద్ధతులు చెప్పుకున్నా ఆఖరికి ఇంతే. చెల్లెలికి అక్క కావాలి.

డ్యూటీ మారే వేళయింది. ఆ వార్డులో అప్పగింతలు బల్ల దగ్గర కూర్చుని చెయ్యరు. దిగిపోయే నర్సులూ ఎక్కే నర్సులూ అందరూ కలిసి ఒక్కో మంచం దగ్గరా నిలబడతారు. ఆ పేషెంటు సంగతులన్నీ పేషెంటు వింటుండగానే చెబుతారు. చివర్లో ఇన్‌చార్జి సిస్టర్ “ఇంకేమైనా ఉందా?” అని అడుగుతుంది. ప్రతి మంచం దగ్గరా అడుగుతుంది, ఎవరు విసుక్కున్నా సరే.

చిన్న సిస్టర్ తన బెడ్లు అప్పగించేసింది. అక్కడితో ఆమె పని అయిపోయింది, కావాలంటే వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. గుంపు వెనకే నడిచి కిటికీ దాకా వచ్చింది. అక్క కళ్ళు మూసుకుని ఉంది. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. పొడుగు సిస్టర్ అన్నీ పద్ధతిగా చెప్పింది. ఎంత తాగింది, ఎంత తిన్నది, ఆక్సిజన్ ఎంత, సాయంత్రం ఐసీయూకి మార్చే మాట.

“ఇంకేమైనా ఉందా?”

“ఏం లేదు” అంది పొడుగు సిస్టర్, ఆమెకు తెలిసినంతలో నిజమే చెప్పింది. గుంపు పక్క మంచం వైపు తిరిగింది.

“ఉంది” అంది చిన్న సిస్టర్.

అందరూ ఆగారు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది, అప్పగింతల్లో ఎప్పుడూ నిలబడినట్టే. “ఈ పేషెంటు పొద్దున నాతో మాట్లాడింది. పూర్తి తెలివిలో ఉంది, అన్నీ తెలిసే చెప్పింది. గొట్టం వద్దంది. ఏమైనా సరే వద్దంది. నేను వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు.”

ఇన్‌చార్జి సిస్టర్ ఆమెను ఒక్క చూపు చూసి, వంగి, నిజమేనా అమ్మా అని మంచం మీది మనిషిని అడిగింది. అక్క కళ్ళు తెరిచింది.

“నర్సమ్మ సరిగ్గానే చెప్పింది” అంది.

తర్వాత జరగాల్సినవన్నీ వాటంతటవే జరిగిపోయాయి. డాక్టరు వచ్చాడు, అన్నయ్యని కాసేపు బయట ఉండమన్నాడు. కుర్చీ లాక్కుని అక్క ఎదురుగా కూర్చుని, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి ఆగి అడిగాడు. ఈసారి జవాబులన్నీ అక్కే చెప్పింది. గొట్టం లేదు. మాస్కు పెట్టి, ఆయాసం బాధించకుండా మందు ఇస్తామన్నాడు. ఇన్‌చార్జి సిస్టర్ చిన్న సిస్టర్‌ని తిట్టలేదు. రేపు మాట్లాడదాం, ఇప్పుడు బట్టలు మార్చుకో అని మాత్రం అంది.

వరండాలో అన్నయ్య అడ్డం వచ్చాడు. మందుల సంచీ ఇంకా చేతిలోనే ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

“నువ్వు నోరు మూసుకునుంటే ఎవరికి తెలిసేదే?”

“నాకు తెలుసు కదన్నయ్యా.”

ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. పక్కన కూర్చోవాలని ఆమెకు తెలుసు. భుజం మీద చెయ్యి వెయ్యాలనీ తెలుసు, వేరేవాళ్ళ అన్నదమ్ముల దగ్గర ఎన్నిసార్లో ఆ పని చేసింది. ఇప్పుడు కాళ్ళు ఆగలేదు, నర్సుల గదిలోకి వెళ్ళి బట్టలు మార్చుకుంది. యూనిఫాం మడత పెడుతూ వాచీ తియ్యడం కూడా మరిచిపోయింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

జనాన్ని లోపలికి వదిలే టైముకి అందరితోపాటు ఆమె కూడా వార్డులోకి వచ్చింది. మాస్కు వెనక అక్క కళ్ళు ఆమెను వెతుక్కుని పట్టుకున్నాయి, పొద్దుట్నుంచీ ఈ మనిషిని చూడనేలేదన్నట్టు.

“వచ్చావా చిట్టీ” అంది. “ఎంతసేపట్నుంచి చూస్తున్నానే.”

చెల్లెలు కుర్చీలో కూర్చుంది. చెయ్యి దానంతటదే వెళ్ళి అక్క మణికట్టు మీద పడింది. వేళ్ళు నాడి వెతుక్కున్నాయి. రెండో చెయ్యి వాచీ కోసం ఎదమీద తడిమింది. ఆ బట్టలకి జేబు లేదు.

“లెక్కపెట్టకే” అంది అక్క. “ఊరికే పట్టుకో.”

ఊరికే ఎలా పట్టుకోవాలో ఆమెకు తోచలేదు. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. అక్కే మెల్లగా చెయ్యి తిప్పి, ఆమె వేళ్ళ కిందికి తన అరచేతిని జరిపింది.